జాన్ బుల్ బెల్టు

మన ఊళ్లలో ఒక కుర్రవాడు నాలుగు రోజులు దండీలు తీసి, భుజాలు విరుచుకొని వీధిలో నడవడం మొదలుపెట్టగానే, అరుగు మీద కూర్చున్న పెద్దలు ఒక మాట అనడం పరిపాటి: “ఏమిరా, గామా పహిల్వానువైపోయినావే!” అని. బలానికి కోడి రామమూర్తి నాయుడుగారు, కుస్తీకి గామా - ఈ రెండు పేర్లూ చాలాకాలం తెలుగు ఇళ్లలో సామెతలవలె చెల్లినవి. రామమూర్తిగారు మన వీరఘట్టంవారు గనుక ఆయనను గూర్చి కొంతైనా తెలుసును. గామా ఎక్కడివాడో, ఎవరిని ఓడించినాడో తెలియనివారు కూడా ఆ పేరును ధారాళంగా వాడుకొన్నారు.

ఇటీవల ఒక శ్రోత ఉత్తరం వ్రాసినారు. వారింట్లో తండ్రికీ కుమారునికీ వాదం వచ్చినదట. గామా ప్రపంచ విజేత అని తండ్రిగారి మాట. వృత్తి కుస్తీలో ప్రపంచ విజేతల పట్టిక మొదటినుండి చివరివరకు చూచినాననీ, అందులో గామా పేరే లేదనీ కుమారుని మాట. ఎవరిది నిజమో రేడియోలో చెప్పవలెనని వారి కోరిక. చిక్కు ఎక్కడ వచ్చినదంటే ఇద్దరి మాటా నిజమే. గామాకు ప్రపంచ విజేత బిరుదు వచ్చినది. ఆ బిరుదుకు గుర్తుగా ఒక బెల్టు కూడా వచ్చినది. కాని అది ఆ పట్టికలోని బిరుదు కాదు. దాని పేరు జాన్ బుల్ బెల్టు. దానిని గెలిచిన రోజున గామా ఎవరితోనూ కుస్తీ పట్టలేదు.

ఈ కథ తిన్నగా అర్థం కావలెనంటే ఆ కాలపు ప్రపంచ బిరుదు ఎట్లా పుట్టినదో ముందు చెప్పుకోవలెను. వృత్తి కుస్తీలో ఇది ఒక ప్రభుత్వమో, అన్ని దేశాలూ ఒప్పుకొన్న ఒక సంఘమో ఇచ్చే బిరుదు కాదు. ఎవడు డబ్బు పెట్టి పందెం ఏర్పాటు చేస్తే వాడే బిరుదుకు బ్రహ్మదేవుడు. బాల్టిక్ తీరాన ఎస్తోనియాలో పుట్టిన జార్జి హాకెన్‌ష్మిట్ 1904 జనవరిలో లండను ఒలింపియా భవనంలో తురుష్క మల్లుడు అహమ్మద్ మద్రాలీని ఎత్తి పడవేసినాడు. ఆ దెబ్బకు మద్రాలీ చేయి కీలు తొలగినది. ఆనాటినుండి లండను నగరానికి కుస్తీ పిచ్చి పట్టినది. సంగీత నాటకశాలలలో పాటలకూ గారడీలకూ మధ్య కుస్తీ పట్లు కూడా ప్రదర్శించసాగినారు. 1905 మే నెలలో హాకెన్‌ష్మిట్ న్యూయార్కులో టామ్ జెంకిన్సును ఓడించి ప్రపంచ విజేత అనిపించుకొన్నాడు. 1908 ఏప్రిల్‌లో చికాగోలో, రెండు గంటలకు పైగా పెనుగులాడిన మీదట, అమెరికాలోని అయోవా రైతుబిడ్డ ఫ్రాంక్ గాచ్‌కు లొంగిపోయినాడు. బిరుదు గాచ్ వశమైనది. మన శ్రోతగారి కుమారుడు చూచిన పట్టిక ఇక్కడ మొదలవుతుంది.

1910లో మన దేశంనుండి నలుగురు మల్లులు లండను చేరినారు. గామా, అతని తమ్ముడు ఇమాం బక్షు, అహమ్మద్ బక్షు, గామూ. వారిని వెంటబెట్టుకొని వెళ్లినవాడు ఆర్. బి. బెంజమిన్ అనే ఆంగ్లేయ వ్యాపారి. ఖర్చు పెట్టినవాడు ఒక వంగదేశపు ధనికుడు.

గామా అసలు పేరు గులాం మహమ్మద్. 1878 ప్రాంతంలో అమృతసర్ జిల్లా జబ్బోవాల్ గ్రామంలో పుట్టినాడు. తండ్రి కూడా మల్లుడే. కొడుకుకు ఆరేళ్లు నిండకముందో నిండినాకో ఆయన కాలం చేసినాడు. తాతా, మేనమామా పిల్లవానిని గోదాలో పెంచినారు. పదేళ్ల వయసున జోధపురంలో జరిగిన వ్యాయామ పోటీలో వందలమంది పెద్దవాళ్ల మధ్య బస్కీలు తీసి, చివరివరకు నిలిచిన కొద్దిమందిలో ఒకడైనాడు. జోధపురం మహారాజు ముచ్చటపడి ఆ బాలుణ్ణే విజేత అన్నాడు. తరువాత దతియా మహారాజు ఆశ్రయం దొరికినది. గామా రోజుకు ఎన్ని బస్కీలు తీసేవాడో, ఎన్ని శేర్ల పాలు తాగేవాడో, ఎంత బాదంపప్పు తినేవాడో చెప్పే లెక్కలు చాలా ఉన్నవి. చెప్పేవారిని బట్టి అవి పెరుగుతూ పోతవి. వాటిని నేను ఇక్కడ చెప్పబోవడం లేదు.

లండనుకు వచ్చిన గామా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు ఇంచుమించు 200 పౌనులు. ఎత్తు చాలదని అతణ్ణి పోటీలో చేర్చుకోలేదనే కథ ఒకటి ప్రచారంలో ఉన్నది. నాకు అది అంతగా నమ్మదగినదిగా తోచదు. ఆనాటి కుస్తీ సవాళ్ల మీద నడిచేది. సవాలు విసిరేవాడు, దానిని అందుకొనేవాడు, మధ్య పందెపు సొమ్ము ఉంచే పెద్దమనిషి - ఈ ముగ్గురూ దొరికితే పోటీ, లేకపోతే లేదు. గామాకు లోపించినది ఎత్తు కాదు, సవాలు అందుకొనేవాడు. లీస్టర్ స్క్వేరులో అల్హాంబ్రా అనే పెద్ద నాటకశాల ఉండేది. దానిని 1936లో కూల్చివేసి ఆ స్థలంలో ఓడియన్ సినిమాహాలు కట్టినారు. ఆ వేదిక మీద నిలబడి గామా పక్షం వారు ప్రకటించినారు: అయిదు నిమిషాలు గామా ముందు చిత్తు కాకుండా నిలిచినవానికి 5 పౌండ్లు ఇస్తామని. విజేత గాచ్‌నూ, మాజీ విజేత హాకెన్‌ష్మిట్‌నూ పేరు పెట్టి పిలిచినారు. వారు రాలేదు.

ఇక్కడ ఆ సంవత్సరపు గాలి ఎట్లా వీచుతున్నదో ఒక్క మాట చెప్పవలెను. అదే 1910 జులై 4న అమెరికాలో రీనో పట్టణంలో నీగ్రో వీరుడు జాక్ జాన్సన్, తెల్లవారి ఆశాజ్యోతి అనిపించుకొన్న జెఫ్రీసును ముష్టియుద్ధంలో ఓడించినాడు. ఆ వార్తతో అనేక నగరాలలో కొట్లాటలు జరిగినవి. ఆ పందెపు చలనచిత్రాన్ని చాలా చోట్ల చూపనీయలేదు. మరుసటి సంవత్సరం జాన్సన్ లండనులో ఒక ఆంగ్లేయునితో తలపడబోగా, హోం మంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ అది జరగకుండా అడ్డుపడినాడు. పాలింపబడే జాతివాడు పాలించే జాతివాణ్ణి అందరి ఎదుట నేలకు కరిపించడం సామ్రాజ్యానికి క్షేమం కాదని ఆలోచించే రోజులు. గామాను ఎవరూ నిషేధించలేదు. ప్రేక్షకులు అతణ్ణి ఆదరించినారనే చెప్పవలెను. కాని పేరున్న మల్లులు ఒక్కొక్కరే ఏదో పని కల్పించుకొని తప్పుకొన్నారు.

తప్పుకోనివాడు ఒకడు వచ్చినాడు. అమెరికా వైద్యుడు బెంజమిన్ రోలర్. వైద్యమూ చేసేవాడు, కుస్తీ కూడా పట్టేవాడు. గామాకంటె బాగా పొడుగు, బరువు. ఆగస్టు 8న అల్హాంబ్రా వేదికపై గామా అతణ్ణి మొదటిసారి 1 నిమిషం 40 సెకండ్లలోనూ, రెండవసారి 9 నిమిషాల 10 సెకండ్లలోనూ చిత్తు చేసినాడు. సెప్టెంబరు మొదటి వారంలో తమ్ముడు ఇమాం బక్షు స్విట్జర్లండు మల్లుడు జాన్ లెమ్‌ను రెండుసార్లు పడగొట్టినాడు. ఆ రెండుసార్లూ కలిపినా అయిదు నిమిషాలు కాలేదు. లండను పత్రికలు కళ్లు తెరచినవి.

ఆ పత్రికలలో ఒకటి ‘జాన్ బుల్’. ఆంగ్ల జాతికి ముద్దు పేరు అది. 1906లో ఈ వారపత్రికను స్థాపించినవాడు హొరేషియో బాటమ్లీ. పార్లమెంటు సభ్యుడు, వక్త, కంపెనీలు పెట్టడంలోనూ ముంచడంలోనూ సిద్ధహస్తుడు. జనాన్ని ఆకర్షించే పందాలన్నా బహుమానాలన్నా అతనికి మహా ఇష్టం. ఈ పత్రిక పేరు మీద ప్రపంచ విజేత బెల్టు ఒకటి, 250 పౌండ్ల పందెపు సొమ్ము ఏర్పాటైనవి. ఆనాటి మారకం ప్రకారం పౌనుకు 15 రూపాయల చొప్పున 3,750 రూపాయలు. నెలకు పది రూపాయల జీతంతో సంసారాలు నడిచిన కాలంలో ఆ మొత్తం ఎంతటిదో మీరే ఊహించుకోవచ్చును. అమెరికాలో గాచ్ చేతిలో ఉన్న బిరుదు ఒకటి, లండనులో ఒక వారపత్రిక సృష్టించిన బిరుదు మరొకటి. రెండూ ప్రపంచానివే!

గామాకు ఎదురుగా నిలిచినవాడు స్టానిస్లాస్ జిబిస్కో. అసలు పేరు సిగానియెవిచ్. జిబిస్కో అనేది మధ్యయుగపు ఒక పోలిష్ వీరుని పేరు, గోదా కోసం పెట్టుకొన్నది. 1879లో పుట్టినవాడు, అంటే గామాకంటె ఒక ఏడాది చిన్న. బరువు మాత్రం 254 పౌనులు. పీపావంటి శరీరం, కుదురైన మెడ. అతనిది పోలండు దేశం. కాని 1910లో పోలండు అనే దేశం పటంలో లేదు. రష్యా, జర్మనీ, ఆస్ట్రియా ముగ్గురూ పంచుకొన్నారు. జిబిస్కో పుట్టిన గలీషియా ఆస్ట్రియా చక్రవర్తి పాలనలో ఉండేది. గామా పుట్టిన పంజాబు ఆంగ్ల చక్రవర్తి పాలనలో ఉండేది. జాన్ బుల్ పేరు గల బెల్టు కోసం లండనులో తలపడినవారు ఇద్దరూ పరాయి ఏలుబడిలోని ప్రజలే. ఈ సంగతి ఆనాటి ప్రేక్షకులలో ఎంతమందికి తట్టినదో!

పోటీ సెప్టెంబరు 10వ తేదీ, శనివారం. స్థలం షెపర్డ్స్ బుష్ ప్రాంతంలోని స్టేడియం. 1908 ఒలింపిక్ క్రీడల కోసం కట్టినది. ఇటలీ మిఠాయి పనివాడు డొరాండో పియెట్రీ మారథాన్ పరుగు చివర పడుతూ లేస్తూ గీత దాటిన స్థలం అదే. (చాలా ఏళ్ల తరువాత, 1985లో, ఆ స్టేడియాన్ని పడగొట్టినారు. తరువాత అక్కడ బి.బి.సి. వారి కార్యాలయ భవనం లేచినది. రేడియో వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయినాను.)

ఇక ఆ పోటీలో జరిగినది వినండి. కుస్తీ మొదలైన నిమిషంలోపలే గామా జిబిస్కోను చాప మీద పడగొట్టినాడు. పడగొట్టినాడే గాని చిత్తు చేయలేదు. ఈ మాటకు అర్థం ముఖ్యం. మనం ఈనాడు ఎన్నికలలో చిత్తుగా ఓడినాడని అంటాము, పరీక్షలో చిత్తయినాడని అంటాము. ఆ మాట గోదాలోనిది. చిత్తు అంటే వెల్లకిల పడడం, రెండు భుజాలూ నేలకు తగలడం. బోర్లా పడినవాడు పడినవాడే గాని ఓడినవాడు కాడు. లండను నియమమూ అదే, మన గోదా నియమమూ అదే.

జిబిస్కో బోర్లా పడినాడు. పడి, అక్కడే ఉండిపోయినాడు. చేతులూ మోకాళ్లూ చాపకు ఆనించి, ఒకోసారి పొట్ట కూడా ఆనించి, తాబేలు డిప్పలోకి ముడుచుకొన్నట్టు ముడుచుకొని పడుకొన్నాడు. గామా వీపు మీద ఎక్కి ఒక పక్కకు తిప్పబోయినాడు, కదలలేదు. మెడ కింద చేయి దూర్చి వంచబోయినాడు, వంగలేదు. కాలు పట్టి లాగినాడు, మెడ పట్టి లాగినాడు. 254 పౌనుల మనిషి తనంతట తాను నేలను కరచుకొని పడుకోదలచుకొన్నప్పుడు, 200 పౌనుల మనిషి అతణ్ణి తిరగవేయడం ఎంత కష్టమో, ఇంట్లో నిద్రపోయే పెద్ద పిల్లవాణ్ణి పక్కకు జరపబోయినవారికి ఎవరికైనా తెలుసును. పావుగంట, అరగంట, గంట గడచినవి. అప్పుడప్పుడు జిబిస్కో లేచి నిలబడినాడు, మరల కిందికే పోయినాడు. ప్రేక్షకులు మొదట నవ్వినారు, తరువాత అరచినారు, ఆ తరువాత విసుగుకొన్నారు. రెండున్నర గంటలకు పైగా అయిన మీదట పోటీ ఆపివేసి, ఫలితం తేలలేదని ప్రకటించినారు. మరుసటి శనివారం, 17వ తేదీ, మరల పోటీ అన్నారు.

మన పుస్తకాలలో ఈ ఘట్టం వచ్చినప్పుడు జిబిస్కోను పిరికివాడు అని ఒక్క మాటతో తేల్చివేయడం అలవాటు. నేను అంత త్వరపడను. మూడు నెలల క్రితం, జూన్ 1న, చికాగోలో గాచ్‌తో అతడు ప్రపంచ బిరుదు కోసం తలపడినాడు. కుస్తీ మొదలుకాగానే మర్యాదగా కరచాలనానికి చేయి చాచినాడట. గాచ్ ఆ చేయి అందుకోలేదు, కాళ్లు అందుకొన్నాడు. 6.4 సెకండ్లలో జిబిస్కో వెల్లకిల పడి ఉన్నాడు. ఆ దెబ్బ తిని సముద్రం దాటి వచ్చినవాడు, మొదటి నిమిషంలోనే మరొక మెరుపువంటి పట్టు తగిలి నేలకూలినవాడు, ఆ తరువాత లేవడానికి సాహసించకపోవడం వింత కాదు. బోర్లా పడుకోవడం నియమాలకు విరుద్ధమూ కాదు. ఓడకుండా ఉండడం ఒక విద్య. కాని టిక్కెట్టు కొనుక్కొని వచ్చిన జనం చూడవచ్చిన విద్య అది కాదు. గామా కూడా ఆ రోజు తన లోపం ఒకటి చూపించినాడు. నిలబడి పట్టే కుస్తీలో అతడు మెరుపు. నేలకు అతుక్కొన్నవాణ్ణి పెకలించే ఉపాయం రెండున్నర గంటలలో దొరకలేదు.

సెప్టెంబరు 17 వచ్చినది. గామా వచ్చినాడు. జనం వచ్చినారు. జిబిస్కో రాలేదు. ఎదురుచూచినారు, పిలిచినారు, అయినా రాలేదు. చివరకు గామా గెలిచినాడని ప్రకటించి జాన్ బుల్ బెల్టును అతని చేతికి ఇచ్చినారు.

ఆ క్షణంలో గామా మనసులో ఏమున్నదో ఎవరూ వ్రాయలేదు. కాని ఒక మల్లుని కోణంనుండి ఆలోచించి చూడండి. ఏడు సముద్రాలు దాటి వచ్చినాడు. గాచ్ రాలేదు, హాకెన్‌ష్మిట్ రాలేదు. వచ్చినవాడు లేవలేదు. లేవనివాడు రెండవ వారం అసలు రానేలేదు. ప్రపంచ విజేత అనే మాట చెక్కిన బెల్టు మాత్రం వచ్చినది. మన మహాభారతంలో విరాటుని కొలువున భీముడు జీమూతమల్లుని పట్టి గిరగిర తిప్పి చంపినాడు గనుక అతని బలం అందరికీ తెలిసినది. జీమూతుడు ఆ రోజు కొలువుకు రాకపోతే ఏమి చేసేవాడు?

బెల్టు ఇచ్చిన పెద్దమనిషి సంగతి కూడా విడవకుండా చెప్పవలెను. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బాటమ్లీ, సామాన్య ప్రజలు విక్టరీ బాండ్ల కోసం కట్టిన డబ్బును కాజేసినాడని 1922లో నేరం రుజువై ఏడేండ్ల కారాగార శిక్ష పడినది. పార్లమెంటునుండి బహిష్కరించినారు. అటువంటి వాని చేతిమీదుగా పుట్టిన బెల్టును చరిత్రకారులు ప్రపంచ బిరుదుగా లెక్కపెట్టరంటే వారిని పూర్తిగా తప్పుపట్టలేము. కాని న్యాయం చెప్పవలెనంటే, అమెరికా బిరుదు వెనుక ఉన్న వ్యాపారులు మాత్రం మునీశ్వరులా?

గామా స్వదేశానికి తిరిగివచ్చినాడు. కొంతకాలానికే అలహాబాదులో అతని పాత ప్రత్యర్థి రహీం బక్షు సుల్తానీవాలాతో పోటీ జరిగినది. గుజరన్‌వాలా మల్లుడు, ఏడడుగులకు దగ్గర పడే మనిషి, వయసు మీరినవాడు. యౌవనంలో గామా అతనితో గంటల తరబడి పెనుగులాడి తేల్చుకోలేకపోయినాడు. ఈసారి రహీం పక్కటెముకకు దెబ్బ తగిలి తప్పుకోగా గామాకు రుస్తుమె హింద్ బిరుదు దక్కినది. మన దేశంలో జాన్ బుల్ బెల్టుకంటె దీనికే గౌరవం ఎక్కువ. నా అభిప్రాయమూ అదే. రహీం వచ్చినాడు, పట్టినాడు, దెబ్బ తిన్నాడు.

లండనులో ఆ బెల్టు కోసం ఆ తరువాత పోటీ జరగలేదు. 1911 సెప్టెంబరులో చికాగోలో గాచ్, హాకెన్‌ష్మిట్‌ను రెండవసారి ఓడించినాడు. తరువాత కుస్తీ మానివేసి, 1917 డిసెంబరులో కన్నుమూసినాడు. గామాతో అతడు ఒక్కనాడూ తలపడలేదు. ఇంతలో మహా యుద్ధం వచ్చి ఐరోపా మల్లులను చెల్లాచెదురు చేసినది. జాన్ బుల్ విజేతల జాబితా వ్రాయవలెనంటే ఒక్క పేరు వ్రాసి గీత గీయవలెను.

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే నేను ఈ ప్రసంగానికి పూనుకొనేవాణ్ణి కాను. రెండవ వారం రాని జిబిస్కో ఏమయినాడు? అమెరికా చేరినాడు. 1921 మే నెలలో ఎడ్ లూయిస్‌ను ఓడించి, గాచ్ తరువాత వరుసగా చేతులు మారుతూ వచ్చిన ఆ అసలు ప్రపంచ బిరుదును సంపాదించినాడు. మరుసటి మార్చిలో లూయిస్‌కే పోగొట్టుకొన్నాడు. 1925 నాటికి అమెరికాలో కుస్తీ కుస్తీగా మిగలలేదు. ఎవరు గెలవవలెనో, ఎప్పుడు ఓడవలెనో వ్యాపారులు ముందే నిర్ణయించేవారు. ఫుట్‌బాల్ ఆటగాడు వేన్ మన్‌ను, చూడడానికి భారీగా ఉన్నాడని, విజేతగా నిలబెట్టినారు. ఆ ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో జిబిస్కో అతనికి ఓడిపోవలెనని ఒప్పందం. జిబిస్కో ఆ ఒప్పందాన్ని గోదాలో విడిచిపెట్టి, నిజంగా కుస్తీ పట్టి, మన్‌ను మరల మరల వెల్లకిల పడవేసి, రిఫరీ ఇక కాదనలేని స్థితికి తెచ్చినాడు. అప్పటికి అతని వయసు 46. బోర్లా పడుకొన్నవాడని మనం నవ్వుకొన్న మనిషి ఇతడే! ఆ బిరుదు మే నెలాఖరున జో స్టెచర్ చేతికి పోయినది. అది వేరే కథ.

1928లో పటియాలా మహారాజు భూపీందర్ సింగు జిబిస్కోను పిలిపించినాడు. 1911లో భారత క్రికెట్టు జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లివచ్చిన క్రీడాప్రియుడు ఆయన. పద్దెనిమిదేండ్ల కింద లండనులో అసంపూర్తిగా ఆగిన కుస్తీని తన రాజధానిలో పూర్తి చేయించవలెనని ఆయన సంకల్పం. ప్రత్యేకంగా పెద్ద ఆవరణ కట్టించినాడు. వేలాది జనం పంజాబు నలుమూలలనుండి వచ్చినారు. జనవరి 29. ఈసారి చాప లేదు, మట్టి గోదా. గామాకు ఏభై యేండ్లు దగ్గర పడినవి. జిబిస్కోకు 48 నిండినవి. ముసలివాణ్ణి తెచ్చి ఓడించినారని ఎవరైనా అంటే, ఓడించినవాడు అతనికంటె పెద్దవాడని మరువరాదు. ఒకటి మాత్రం ఒప్పుకోవలెను. మట్టి ఒకరికి పుట్టినిల్లు, మరొకరికి పరాయి ఇల్లు.

చేతులు కలిసినవి. నిమిషంలోపల జిబిస్కో వెల్లకిల పడి ఉన్నాడు. గడియారం పట్టినవారు సెకండ్లలో ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెప్పినారు గాని, నిమిషం దాటినదని ఎవరూ అనలేదు. పందెం ఎప్పుడు మొదలయినదో సరిగా చూడకముందే అయిపోయినదని జనం విస్తుపోయినారు. లండనులో రెండున్నర గంటలు పట్టినా తేలనిది పటియాలాలో నిమిషం పట్టకుండా తేలినది. ఎట్లా? లండనులో పడగొట్టడానికి కూడా నిమిషం పట్టలేదు. తేడా ఒక్కటే. అక్కడ జిబిస్కో బోర్లా పడినాడు, ఇక్కడ వెల్లకిల పడినాడు.

ఆ రోజు పటియాలాలో ఏ ప్రపంచ బిరుదూ పందెంలో లేదు. అమెరికా బిరుదు అప్పటికి జిబిస్కో చేతినుండి జారిపోయినది. జాన్ బుల్ సంగతి లండనులోనే మరచినారు. పద్దెనిమిదేండ్ల క్రితం గామా పుచ్చుకొన్న బెల్టుకు ధర కట్టిన పోటీ అది. కాని ఆ పోటీకి బెల్టు లేదు. జిబిస్కో పుట్టిన దేశం 1918లో మరల పటం మీదికి వచ్చినది. ఒక స్వతంత్ర దేశపు మల్లుడుగా అతడు పటియాలా వచ్చినాడు. గామా మాత్రం అప్పటికీ పరాయి ఏలుబడిలోనే ఉన్నాడు.

కనుక ఆ ఇంటి తండ్రీకొడుకులకు నా సమాధానం ఇది. అబ్బాయి చూచిన పట్టిక సరియైనదే. అందులో గామా పేరు లేదు, ఉండదు. కాని ఆ పట్టికలో 1921 దగ్గర, మరల 1925 దగ్గర జిబిస్కో పేరు కనబడుతుంది. ఆ పేరు మీద వేలు ఉంచి, ఆ మనిషి 1928లో ఏమయినాడని తండ్రిగారు ఒకమాట అడగవచ్చును.

గామా చివరి సంవత్సరాలు లాహోరులో గడచినవి. 1947లో దేశం రెండైనప్పుడు తన వీధిలోని హిందూ కుటుంబాల వాకిట నిలబడి వారిని కాపాడినాడని ఆనాటినుండి చెప్పుకొంటున్నారు. తరువాత రోగమూ, డబ్బు ఇబ్బందీ చుట్టుముట్టినవి. సరిహద్దుకు ఇవతలనుండి ఘనశ్యామదాస్ బిర్లాగారు నెలనెలా కొంత పైకం పంపించినారు. 1960 మే 23న గామా మరణించినాడు.

జిబిస్కో మరి ఏడేండ్లు బ్రతికి 1967లో అమెరికాలో పోయినాడు. అంతకు ముందు, 1950లో, ‘నైట్ అండ్ ది సిటీ’ అనే ఒక చిత్రం వచ్చినది. జూల్స్ డాసిన్ దానిని లండనులోనే తీసినాడు. అందులో గ్రెగోరియస్ అనే వృద్ధ మల్లుని పాత్ర ఉన్నది. కుస్తీని వ్యాపారంగా మార్చినవారిని ఏవగించుకొనే మనిషి. చివరకు ఒక గదిలో, ప్రేక్షకులు లేకుండా, పందెం లేకుండా, తనకంటె చాలా చిన్నవాడైన ఒక మల్లునితో నిజమైన కుస్తీ పట్టి, గెలిచి, ఆ అలసటతోనే ప్రాణం విడుస్తాడు. డెబ్బది ఏండ్లు పైబడిన ఆ గ్రెగోరియస్ వేషం వేసినవాడు జిబిస్కో.